పట్టుపోగు పరీక్ష

కంటికీ చెవికీ నడుమ దూరం నాలుగు వేళ్ళు. నిజానికీ అబద్ధానికీ నడుమ దూరం కూడా అంతేనని పెద్దలు చెబుతారు. చెవితో విన్నది అబద్ధం కావచ్చును గాని, కంటితో చూసినది నిజమేనని ఆ మాటకు అర్థం. ఇంటి తగవులు, ఊరి పంచాయతీలు, న్యాయస్థానాలలో సాక్ష్యాలు తరతరాలుగా ఈ నమ్మకం మీదనే నడిచాయి. "నా కళ్ళతో చూశాను" అని ఒకడు ప్రమాణం చేసి చెబితే ఎదుటివాడికి మారుమాట ఉండేది కాదు. నేడు ఆ నాలుగు వేళ్ళ దూరం చెరిగిపోయింది. జరగని సంఘటనను జరిగినట్లు, అనని మాటను అన్నట్లు, లేని మనిషిని ఉన్నట్లు కంటికి చూపించగల సాధనం సామాన్యుని చేతి ఫోనులోకే వచ్చింది. పూర్వం చెవిని మాత్రమే మోసగించిన అబద్ధం ఇప్పుడు కంటిని కూడా జయించింది.

ఈ శక్తికి మూలం కృత్రిమ మేధ. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. అందులో రెండు కంప్యూటర్ వ్యవస్థలు ఒకదానితో ఒకటి పోటీపడతాయి. మొదటిది బొమ్మను కల్పిస్తుంది. రెండవది ఆ బొమ్మ అసలైనదో నకిలీదో పరీక్షిస్తుంది. పట్టుబడిన ప్రతిసారీ మొదటిది తన లోపాన్ని సవరించుకొంటుంది. లక్షల పర్యాయాలు ఈ పోటీ సాగిన తరువాత పరీక్షకుడు కూడా గుర్తించలేనంత సహజమైన బొమ్మ తయారవుతుంది. 2017 నాటికి ఒకరి ముఖాన్ని మరొకరి శరీరానికి అతికించే దృశ్యాలకు డీప్‌ఫేక్ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. ఆ తరువాత వచ్చిన పద్ధతులలో, ఇసుక చల్లినట్లున్న చుక్కల గందరగోళం నుండి కోరిన రూపాన్ని క్రమక్రమంగా తేల్చే నేర్పు యంత్రానికి అలవడింది. ఒక వాక్యం రాసి ఇస్తే చాలు, దానికి తగిన చిత్రం క్షణాలలో సిద్ధమవుతుంది.

ఈ విద్య ఎంత ప్రమాదకరమో తెలుగువారికి 2023 నవంబరులో స్పష్టంగా తెలిసివచ్చింది. నటి రశ్మిక మందన్న లిఫ్టులోకి ప్రవేశిస్తున్నట్లున్న ఒక దృశ్యం దేశమంతటా వ్యాపించింది. అసలు దృశ్యం బ్రిటన్‌లో నివసించే వేరొక యువతిది. ఆమె ముఖం స్థానంలో రశ్మిక ముఖాన్ని అతికించారు. నిశితంగా చూసినవారికి ఒక సంగతి కనిపించింది. లిఫ్టులో అడుగుపెట్టే తొలి క్షణంలో ఉన్న ముఖం ఒకరిది, ఆ వెంటనే కనిపించిన ముఖం వేరొకరిది. ఢిల్లీ పోలీసులు దర్యాప్తు చేసి, 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. అభిమానుల పేజీకి ఆదరణ పెంచుకొనేందుకే అతడు ఈ పని చేశాడని వారు వెల్లడించారు. ఒక స్త్రీ గౌరవాన్ని వెలగా కట్టి ఒక పేజీకి అనుచరులను కొనుక్కోవటం ఎంతటి హీనమైన బేరమో వేరుగా చెప్పనక్కరలేదు.

అంతమాత్రాన కల్పించిన ప్రతి బొమ్మా పాపమని భావించరాదు. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట గ్రామం తోలుబొమ్మలాటకు పుట్టినిల్లు వంటిది. ఆ కళలో జీవితాన్ని గడిపిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. పలుచగా చేసిన మేకతోలుకు రంగులద్ది, తెర వెనుక దీపం వెలిగించి ఆడిస్తే రాముడు నడుస్తాడు, రావణుడు గర్జిస్తాడు, హనుమంతుడు సముద్రాన్ని లంఘిస్తాడు. చూసేవారు నవ్వుతారు, కంటతడి పెడతారు. అయినా వారిలో ఏ ఒక్కడూ మోసపోడు. తెర వెనుక మనిషి ఉన్నాడని పసిపిల్లవానికి కూడా తెలుసు. ఆడించేవాడు ఆ సంగతిని దాచడు. కళకు, కపటానికి ఉన్న భేదం ఇక్కడే ఉంది. కళ తెరను తెరగానే చూపుతుంది. కపటం తెర లేదని నమ్మిస్తుంది. కృత్రిమ మేధతో బొమ్మ గీసి, ఇది కల్పన అని చెప్పేవాడు కళాకారుడు కావచ్చు. దానినే నిజమని లోకం మీదికి వదిలేవాడు మోసగాడు.

మోసాన్ని కనిపెట్టడం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. ధర్మవరం పట్టుచీరకు పేరు వచ్చిన కొద్దీ దాని పేరు పెట్టుకొన్న నకిలీ చీరలు కూడా బజారులోకి వచ్చాయి. చూపుకు రెండూ ఒకటే. మెరుపు ఒకటే, అంచు ఒకటే, కొంగు మీది బుటా ఒకటే. అనుభవం గల నేతగాడు చూపు మీద ఆధారపడడు. పడుగు నుండి ఒక పోగు, పేక నుండి ఒక పోగు లాగి నిప్పుకు తగిలిస్తాడు. అసలైన పట్టు మెల్లగా కాలి, వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. మిగిలిన బూడిదను వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. కృత్రిమ దారమైతే కరిగి, గట్టిపడి, పూస వలె మిగులుతుంది. జరీని గీకి లోపలి దారం ఏమిటో కూడా చూస్తాడు. చీర ఎంత అందంగా ఉన్నదన్న ప్రశ్న ఆ పరీక్షలో రాదు. అది దేనితో తయారైనదన్నదే ప్రశ్న. తెర మీది దృశ్యం విషయంలోనూ చదువుకొన్నవాడు వేయవలసిన మొదటి ప్రశ్న ఇదే.

దృశ్యంలో లాగి చూడవలసిన పోగులు కొన్ని ఉన్నాయి. మనిషి చేతివేళ్ళు లెక్కకు సరిపోతున్నాయా? రెండు చెవుల కమ్మలు ఒకే తీరున ఉన్నాయా? కళ్ళజోడు కమ్మీ చెంప దగ్గర చర్మంలో కలిసిపోయిందా? వెలుగు ఒక వైపు నుండి వస్తుంటే నీడలన్నీ దానికి తగినట్లు పడ్డాయా? తల తిప్పినప్పుడు చెంపకు, మెడకు నడుమ రంగు మారుతున్నదా? గుంపులో వెనుక నిలిచినవారి ముఖాలు ముద్దగా ఉన్నాయా? వీటన్నింటికంటె తెలుగు చదివినవారికి సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. నేపథ్యంలో కనిపించే దుకాణం పేరు, బస్సు మీది ఊరి పేరు, గోడ మీది నినాదం చదివి చూడాలి. యంత్రం తెలుగు లిపిని రాయటంలో తరచుగా తడబడుతుంది. గుణింతం చెడిన, వత్తు గాలిలో తేలిన, ఏ వర్ణమాలకూ చెందని గీతలు అక్షరాల వేషం వేసుకొని నిలుస్తాయి. హిందూపురం బస్టాండులో తీసినదని చెప్పే బొమ్మలో హిందూపురం అన్న పేరే సరిగా లేకపోతే అనుమానించక తప్పదు.

వ్యాకరణ పాఠం కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. ప, ఫ, బ, భ, మ అనే వర్ణాలను ఓష్ఠ్యాలని విద్యార్థులు చదువుకొంటారు. రెండు పెదవులు కలియకుండా వాటిని పలకటం సాధ్యం కాదు. నోరు తెరచి ఉంచి "అమ్మ" అని గాని, "బాబు" అని గాని పలకటానికి ప్రయత్నించినవారికి ఈ సత్యం వెంటనే బోధపడుతుంది. ఒక నాయకుని పాత ఉపన్యాస దృశ్యానికి కొత్త మాటలు అతికించినప్పుడు యంత్రం పెదవులను కదిలిస్తుంది గాని, ఓష్ఠ్యం వచ్చిన ప్రతి చోట వాటిని పూర్తిగా కలపటం మరచిపోతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన హనీ ఫరీద్, మరి కొందరు పరిశోధకులు 2020లో ఈ సూత్రం మీదనే నకిలీ దృశ్యాలను పట్టే పద్ధతిని వివరించారు. ఆంగ్లంలోని ఎమ్, బి, పి ధ్వనులు వినిపించిన క్షణంలో పెదవులు మూసుకొన్నాయా లేదా అని వారు పరిశీలించారు. ధ్వనులు పుట్టే స్థానాలను బట్టి మన ప్రాచీన వ్యాకర్తలు చేసిన విభజన ఈనాటి మోసాన్ని పట్టే సాధనమైంది.

అయితే ఈ గుర్తుల మీదనే పూర్తిగా ఆధారపడటం క్షేమం కాదు. మొదట్లో యంత్రం గీసిన చేతులకు ఆరేసి వేళ్ళు ఉండేవి. ఆ లోపం ఏడాదికేడాది తగ్గుతూ వస్తున్నది. నేటి తప్పును రేపటి యంత్రం దిద్దుకొంటుంది. అప్పుడు కంటి పరీక్షకు నిలిచే గుర్తు ఏదీ మిగలకపోవచ్చు. కాబట్టి బొమ్మ లోపలి గుర్తుల కంటె బొమ్మ వెలుపలి ఆధారాలు ముఖ్యం. దానిని ఎవరు తీశారు? ఎక్కడ తీశారు? ఎప్పుడు తీశారు? మొదట ఎవరు బయటపెట్టారు? ఆ సంగతిని వేరొకరు కూడా చూశారా?

ఈ ప్రశ్నలు చరిత్రకారులకు చిరపరిచితాలు. పెనుకొండ విజయనగర రాజుల దుర్గం. 1565 నాటి యుద్ధంలో ఓటమి తరువాత వారికి రాజధాని అయిన పట్టణం. అంతకు వెయ్యేండ్లకు పూర్వపుదైన పశ్చిమ గంగరాజు మాధవుని తామ్రశాసనం అక్కడ లభించింది. పూర్వకాలంలో భూముల మీది ఆశతో కొందరు రాజుల పేర దొంగ శాసనాలు చెక్కించేవారు. వాటిని కూటశాసనాలు అంటారు. గంగరాజుల పేర దొరికిన అనేక శాసనాలను ఫ్లీట్ అనే ఆంగ్ల పండితుడు కూటశాసనాలుగా తోసిపుచ్చాడు. అంతటి సంశయాత్ముడు కూడా పెనుకొండ శాసనాన్ని పరిశీలించి, అది నిజమైనదేనని అంగీకరించాడు. ఇందులో రెండు పాఠాలు ఉన్నాయి. రాగిరేకు మీద ఉన్నదంతా నిజం కాదన్నది మొదటిది. కొన్ని దొంగవి అయినంత మాత్రాన అన్నింటినీ పారవేయరాదన్నది రెండవది. నమ్మటానికైనా, నమ్మకపోవటానికైనా పరీక్షే ఆధారం కావాలి.

ఈనాటి బొమ్మకు ఇటువంటి పరీక్ష చేయటం కష్టం కాదు. దృశ్యంలోని ఒక భాగాన్ని నిలిపి, ఆ చిత్రాన్ని గూగుల్ వంటి అన్వేషణ యంత్రానికి ఇస్తే, అది ఇంతకు ముందు ఎక్కడ, ఏ సంవత్సరంలో కనిపించిందో తరచుగా తెలుస్తుంది. నిన్నటి వరద అని చెప్పిన చిత్రం ఐదేండ్ల నాటి వేరొక దేశపు వరదగా తేలవచ్చు. నిజంగా పెద్ద సంఘటన జరిగితే దానిని ఒక్క ఫోను మాత్రమే చూడదు. పత్రికలు, దూరదర్శన్, ఇతర వార్తాసంస్థలు కూడా చూస్తాయి. హైదరాబాదులోని ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణ చేసి ప్రకటిస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన వార్తలను పరిశీలించేందుకు పత్రికా సమాచార కార్యాలయం 2019లో ఒక విభాగాన్ని ఏర్పాటు చేసింది.

అబద్ధం చెప్పటానికి కృత్రిమ మేధ ఎల్లప్పుడూ అవసరం లేదు. ఒక కత్తెర చాలు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి దేశమంతటా వ్యాపించింది. ఆ నెలల్లో తిరిగిన దృశ్యాలలో ఒకటి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల రక్షణ కోసం తీసిన ప్రచారచిత్రం నుండి కత్తిరించినది. మోటారుసైకిలు మీద వచ్చినవారు పిల్లవానిని తిరిగి దించి, జాగ్రత్తగా ఉండమని చెప్పే చివరి భాగాన్ని ఎవరో తొలగించారు. ఎత్తుకుపోవటం మాత్రమే మిగిలింది. ఆ భయం నిండిన వాతావరణంలో, 2018 జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి హైదరాబాదుకు చెందిన ఒక యువ ఇంజనీరును జనం కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి లేదా ఐదు సమూహాలకు మించి పంపే వీలు లేకుండా చేస్తున్నట్లు ప్రకటించింది. సందేశాన్ని పంపినవారిలో ఎవరూ తాము హంతకులమని అనుకొని ఉండరు. పిల్లలను కాపాడుతున్నామనే అనుకొన్నారు. పరీక్షించని సద్బుద్ధి కూడా ప్రాణం తీయగలదు.

నకిలీ దృశ్యం చేసే మరొక కీడు దీనికంటె లోతైనది. 2025 మార్చి చివరలో హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిలో చెట్లను తొలగించటం ఆరంభమైంది. విద్యార్థులు నిరసన తెలిపారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను నిలిపివేయించింది. అక్కడ చెట్లు కూలటం నిజం. అయితే బెదిరి పరుగెత్తే జింకలు, నెమళ్ళు, వాటి వెనుక యంత్రాలు ఉన్నట్లు ప్రచారమైన చిత్రాలలో కొన్ని కృత్రిమ మేధతో తయారైనవని తేలింది. అంతటితో చర్చ చెట్ల నుండి బొమ్మల మీదికి మళ్ళింది. నిజమైన వాదానికి దొంగ సాక్షిని తీసుకువస్తే, నిజమైన సాక్షులను కూడా అనుమానించే అవకాశం ఎదుటివారికి దొరుకుతుంది. రాబర్ట్ చెస్నీ, డేనియల్ సిట్రన్ అనే అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యులు ఇటువంటి స్థితిని అబద్ధమాడేవానికి దక్కే లాభంగా వర్ణించారు. అన్నీ నకిలీ కావచ్చునన్న భావం లోకంలో స్థిరపడితే, నిజంగా లంచం తీసుకొంటూ పట్టుబడినవాడు కూడా అది యంత్రం గీసిన బొమ్మ అని తప్పించుకొంటాడు. అందువలన అతినమ్మకం ఎంత హానికరమో, అన్నింటినీ కొట్టిపారవేయటం కూడా అంతే హానికరం.

ధననష్టం సంగతి చెప్పనే అక్కరలేదు. 2024లో హాంకాంగ్ పోలీసులు వెల్లడించిన ఒక మోసంలో, ఒక ఉద్యోగి తన పై అధికారులతో దృశ్యసమావేశంలో మాట్లాడుతున్నానని నమ్మి 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశాడు. ఆ సమావేశంలో కనిపించిన మిగిలినవారందరూ నకిలీ రూపాలే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల కర్మాగారం ఉత్పత్తి ఆరంభించిన తరువాత, ఉద్యోగం కోసం ఆ వైపు ఆశగా చూసే యువకులు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. ఒక అధికారి ముఖం, గొంతు తెచ్చిపెట్టుకొని ఉద్యోగం ఇప్పిస్తాను, ముందుగా రుసుము కట్టమని అడిగే మోసగాడు అటువంటి ఆశనే ఆసరా చేసుకొంటాడు. కొడుకు గొంతుతో తల్లికి ఫోను చేసి, ప్రమాదంలో ఉన్నానని డబ్బు అడగటం కూడా నేడు సాధ్యమే. అటువంటప్పుడు ఫోను పెట్టివేసి, తనకు తెలిసిన పాత సంఖ్యకు తిరిగి ఫోను చేయటమే సరైన పరీక్ష. కుటుంబంలోనివారు తమకు మాత్రమే తెలిసిన ఒక గుర్తుమాట ముందుగా అనుకోవటం మరింత మేలు.

హిందూపురంలో హాస్టలులో ఉండి ఇంటర్మీడియట్ చదివే ఒక బాలికను ఊహించుకోవచ్చు. తండ్రి ధర్మవరంలో మగ్గం నేస్తాడు. తల్లి పట్టు చుడుతుంది. ఇద్దరి కష్టం ఆమె చదువుగా మారుతున్నది. ఎవడో తోటి విద్యార్థి ఆమె ఫొటోను తీసుకొని, ఆమెది కాని శరీరానికి అతికించి, వేడుకగా నలుగురికి పంపుతాడు. సాయంత్రానికి ఆ నలుగురు నాలుగు వందలవుతారు. ఇంటికి వార్త చేరుతుంది. "చదివింది చాల్లేమ్మా, ఇంటికి వచ్చెయ్" అన్న ఒక్క మాటతో ఆమె భవిష్యత్తు ముగిసిపోవచ్చు. ఆ బొమ్మను చేసినవాడు ఒక్కడే. దానిని పంపినవారు వందలు. వారిలో ఏ ఒక్కరైనా చేతి వేలిని ఆపి ఉంటే ఆ దారి అక్కడే తెగిపోయేది. అటువంటి వేళ ఆ తల్లిదండ్రులు బిడ్డను దాచవలసిన పని లేదు. ఆమె పక్షాన నిలవాలి. తప్పు ఆమెది కాదు.

చట్టం కూడా ఆమె పక్షాననే ఉంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66డి సెక్షను ప్రకారం కంప్యూటరు సాయంతో వేరొకరి వేషం వేసి మోసగించినవారికి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అశ్లీల దృశ్యాలను ప్రచారం చేసినవారికి 67, 67ఎ సెక్షనులు వర్తిస్తాయి. బొమ్మను తొలగించటానికి తొందరపడక ముందు, దాని ప్రతిని, అది వచ్చిన సంఖ్యను, తేదీని భద్రపరచాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోయినప్పుడు 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయాలి. కృత్రిమంగా తయారైన దృశ్యాలకు ఆ సంగతిని తెలిపే గుర్తు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2026 ఫిబ్రవరిలో నియమాలను సవరించింది. అసలైన పట్టుకు సిల్క్‌మార్క్ ముద్ర ఉన్నట్లే, కల్పిత దృశ్యానికి కూడా ముద్ర ఉండాలన్నది దీని భావం. అయినా ముద్రను చెరిపేవాడు ఎప్పుడూ ఉంటాడు. ముద్ర ఉన్నంత మాత్రాన నేతగాడు తన పరీక్షను మానుకోలేదు గదా!

హిందూపురానికి చేరువలోని లేపాక్షి ఆలయంలో వేలాడే స్తంభాన్ని చూడటానికి వచ్చేవారి ప్రవర్తన గమనించదగినది. స్తంభానికి, నేలకు నడుమ సందు ఉన్నదని విన్నవారు వినటంతో తృప్తిపడరు. చూసినవారు చూడటంతో ఆగరు. వంగి, ఒక పలుచని గుడ్డను ఆ సందులో దూర్చి చూస్తారు. విన్న వింతను, చూసిన వింతను కూడా చేతితో పరీక్షించాలన్న ఈ బుద్ధి చదువురాని పల్లెవాసిలోనూ ఉన్నది. రాతిస్తంభం విషయంలో చూపే ఆ శ్రద్ధను సాటి మనిషి మానప్రాణాల విషయంలో చూపకపోవటమే ఆశ్చర్యం.

నిజం నిలకడ మీద తెలుస్తుందని సామెత. నకిలీ దృశ్యాన్ని తయారుచేసేవాడు కోరుకొనేది తొందరను. కోపం వచ్చిన వెంటనే, భయం కలిగిన వెంటనే, నవ్వు పుట్టిన వెంటనే చూసినవాడు దానిని ముందుకు నెట్టాలని అతని కోరిక. ఆ వేగానికి విరుగుడు ఖరీదైన యంత్రం కాదు, ఒక్క నిమిషం నిలకడ. ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు అని ప్రశ్నించటానికి ఆ నిమిషం చాలును. సమాధానం దొరకకపోతే ఇతరులకు పంపకుండా ఊరకుండటానికి ఖర్చేమీ లేదు. తెర మీది ముఖం ఎవరిదైనా, దాని వెనుక బతికి ఉన్న మనిషి ఒకరు ఉన్నారన్న స్పృహ కలిగిన విద్యార్థి చేతిలో ఫోను ఆయుధంగా మారదు.